కళ్ళు దుకాణం

నేను ఒక రేకు బోర్డును. తుమ్మలకుంట ఊరి చివర, బస్సు రోడ్డు పక్కన ఉన్న కల్లు దుకాణం గుమ్మం మీద వేలాడుతుంటాను. గాలి వస్తే కిర్రుమంటాను, వాన వస్తే దరువు వేస్తాను, ఎండాకాలం మధ్యాహ్నం నన్ను ముట్టుకున్నవాడు నా వైపు మళ్ళీ చెయ్యి చాపడు. రంగు వెలిసింది, ఒక మూల వంగింది. అయినా చెబుతున్నాను, ఈ మండలంలో నా అంత పేరున్న బోర్డు ఇంకోటి లేదు. ఆ పేరు నా గొప్పతనం వల్ల వచ్చిందా, నా మీది తప్పు వల్ల వచ్చిందా అని మాత్రం అడక్కండి. పేరు పేరే.

ఈ మధ్య ఈ దుకాణం, ఇప్పుడు దీన్ని నడుపుతున్న సోమక్క చేతిలో ఉంటుందా, పోతుందా అని పెద్ద పంచాయితీ జరిగింది. పోయి ఉంటే నేను పాత ఇనుము కొనేవాడి బండెక్కేదాన్ని. నా సంగతి సరే, రేకుకేముంది, ఎక్కడైనా రేకే. సోమక్కకు పోయేది దుకాణం ఒక్కటే కాదు. అదేమిటో తెలియాలంటే మొదటి నుంచి వినాలి. తొందరేమైనా ఉంటే ఇప్పుడే లేవండి. కల్లు దుకాణం ముందు తొందరున్న మనిషిని నేనింతవరకు చూడలేదనుకోండి, అది వేరే మాట.

పూర్వజన్మలో నేను కిరసనాయిలు డబ్బాలను. డబ్బాలు అని బహువచనం ఎందుకంటే, రేకు పని చేసే షేక్ చాంద్ కొన్ని ఖాళీ డబ్బాలను కోసి, సుత్తితో చదును చేసి, ఒకదానికొకటి అతికిస్తే నేనయ్యాను. ఊరి వడ్రంగి తుమ్మకర్రతో చట్రం బిగించాడు. చాలా కాలం దాకా నా దగ్గర బీడీ వెలిగించడానికి జనం భయపడేవాళ్ళు, అంత వాసన వచ్చేది నా నుంచి.

నన్ను చేయించినవాడు బూర్గు లచ్చయ్య గౌడు. అంతకుముందు ఈ దుకాణానికి బోర్డూ లేదు, అసలు స్వంతదారు ఊళ్ళోనే లేడు. గుమ్మం చెప్పగా విన్నాను, నిజాం కాలంలో ఇది ఒక ముస్తేదారు కింద ఉండేదట. కల్లు గుత్త పాడుకున్న ఆసామి పట్నంలో ఉండేవాడు. ఏడాదికోసారి గొడుగు పట్టించుకుని వచ్చి, ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని తన దుకాణాన్ని తనే చూసి వెళ్ళిపోయేవాడు. చెట్టెక్కేది లచ్చయ్య తండ్రి, పేరు ముస్తేదారుది. తరువాత కాలం మారింది, గీత కార్మికుల సొసైటీ ఏర్పడింది. ఎవరు చెట్టెక్కుతారో వాళ్ళదే దుకాణం అన్నారు. అలా దుకాణం లచ్చయ్య చేతికి వచ్చింది. వచ్చిన ఆనందంలో ఆయనకు తట్టిన మొదటి ఆలోచన బోర్డు.

"ముస్తేదారు ఇన్నేండ్లు నడిపిండు గని ఒక్క బోర్డు పెట్టిండా? నేను పెడత," అని నన్ను బండిలో వేసుకుని టౌనుకు తీసుకుపోయాడు.

అక్కడ కోటిలింగం అని ఒక పెయింటరు ఉండేవాడు. గుంటూరు వైపు నుంచి వచ్చి టూరింగ్ టాకీసుకు పోస్టర్లు గీస్తూ స్థిరపడ్డాడు. మంచి చెయ్యి. కాకపోతే లచ్చయ్య గౌడు ఆ చేతికి పని చెప్పకముందే ఒక లొట్టి కల్లు ఇచ్చాడు. లొట్టి అంటే చెట్టుకు కట్టే కుండ, చిన్నదేమీ కాదు. కోటిలింగం ఆ వారమంతా టౌనుకు కొత్తగా వచ్చిన కంటి డాక్టరు కోసం గోడల మీద ప్రకటనలు రాస్తున్నాడు. కుంచె ఆ అక్షరాలకు అలవాటు పడిపోయింది. లొట్టి సగమయ్యేసరికి నా మీద ఎర్ర రంగుతో, ఎంతో పొందికగా, ఇలా రాశాడు: "శ్రీ ఎల్లమ్మ కళ్ళు దుకాణం."

కల్లు కాదు. కళ్ళు.

అక్కడితో ఆగినా బాగుండేది. మిగిలిన లొట్టి ఇచ్చిన ఉత్సాహంలో పక్కన బొమ్మ కూడా వేశాడు. తాటిచెట్టు తల, దాని కింద గుండ్రటి లొట్టి. దగ్గర నుంచి చూస్తే తాటాకులూ కుండా. కదిలే బస్సులో నుంచి చూస్తే మాత్రం నిండుగా రెప్పవెంట్రుకలున్న ఒంటికన్ను. కింద "కోటి ఆర్ట్స్" అని సంతకం పెట్టాడు. సంతకంలో ఒక్క తప్పు లేదు.

ఇంత తప్పు వేలాడుతుంటే ఊళ్ళో ఎవరూ చూడలేదా అంటారు. చూశారు. అక్షరాలు కూడబలుక్కునే వాళ్ళు కూడబలుక్కున్నారు కూడా. కాని తుమ్మలకుంటలో కళ్ళను కళ్ళు అనరు, కండ్లు అంటారు. ళ్ళు అని రాసి ఉన్నా వాళ్ళ నాలుక దాన్ని ల్లు అనే పలుకుతుంది. కాబట్టి నా మీద ఉన్నది కల్లు తప్ప మరొకటి అయ్యే అవకాశమే వాళ్ళకు తోచలేదు. తప్పు పట్టగలిగిన మనిషి ఒకాయన ఉండేవాడు, సుదర్శనం సారు, బడిపంతులు. ఆయన రోజూ వచ్చేవాడు. అయితే పంతులు కల్లు తాగుతాడని పిల్లలకు తెలియకూడదని దొడ్డిదారిన, వెనక గోడ పక్క నుంచి వచ్చి, వెనక నుంచే పోయేవాడు. కాబట్టి నా ముఖం ఆయన ఎన్నడూ చూడలేదు. ఆయన వీపు నేనూ చూడలేదు.

తప్పు బయటపడింది మాణిక్యమ్మ గారి వల్ల. కాలువ కింద పొలాలు కొనుక్కుని వచ్చిన గుంటూరు కుటుంబాల క్యాంపు ఒకటి కాస్త దూరంలో ఉండేది. మాణిక్యమ్మ ఆ క్యాంపులో పెద్దావిడ. చూపు మందగించింది. బస్సు కండక్టరు కూడా ఆ వైపు వాడే, కొత్తగా వచ్చాడు. నన్ను రోజూ బస్సులోంచి చదువుతున్నాడు. "తుమ్మలకుంటలో కళ్ళ దుకాణం ఉందండి, బొమ్మ కూడా వేశారు, చూపించుకోండి," అని చెప్పి ఆవిడను నా ముందు దింపి పోయాడు.

ఆవిడ కర్ర తాటించుకుంటూ లోపలికి వచ్చింది. నేను పైనుంచి వింటూనే ఉన్నాను.

"ఇదేనా బాబూ కళ్ళ దుకాణం?"

"ఇదే అవ్వా. కూసో," అన్నాడు లచ్చయ్య గౌడు.

"కళ్ళు చూపించుకుందామని వచ్చాను."

గుంటూరు వాళ్ళు ఏదైనా చూడనిదే కొనరని లచ్చయ్య విని ఉన్నాడు. పొద్దున దింపిన లొట్టి తెచ్చి ఆవిడ ముందు పెట్టాడు. "చూడు అవ్వా. మంచిగ చూడు."

"ఏం చూడమంటావు బాబూ, తెల్లగా పొర కమ్మేసింది."

"పొర గాదు, నురగ. పొద్దటి కల్లుకు గట్లనే ఉంటది."

"పొద్దుటిపూట నయమే. సాయంత్రమయ్యేసరికి ఎర్రబడిపోతాయి."

"నా కల్లు ఎర్రబడుడా?" లచ్చయ్య గొంతు మారింది. "పులుస్తదంటే ఒప్పుకుంట. ఎర్రబడుడు మాత్రం మా ఇంటా వంటా లేదు."

"అన్నిటికంటే నీళ్ళు బాబూ. చెప్పుకోకూడదు గాని ఒకటే నీళ్ళు."

మీరు కల్లు దుకాణంలో ఏ మాటైనా అనవచ్చు. స్వంతదారు మీసాన్ని అనవచ్చు, ఆయన మేనమామను అనవచ్చు. నీళ్ళు అన్న మాట మాత్రం అనకూడదు. తాగుతున్నవాళ్ళు తమ ముంతల్లోకి తొంగి చూసుకోవడం మొదలుపెట్టారు.

"అవ్వా, పెద్దదానివని ఊకుంటున్న," అన్నాడు లచ్చయ్య, కళ్ళలో నీళ్ళు తిరుగుతుండగా. "నా కల్లుల నీళ్ళున్నయని నీకెవడు చెప్పిండు? ఎల్లమ్మ తల్లి తోడు, ఒక్క చుక్క కలిపినోన్ని కాదు."

"నీ కళ్ళ గురించి నేనేమన్నాను నాయనా? నా కళ్ళ గురించి చెప్పుకుంటున్నాను."

"నీ కల్లా? నువ్వుగూడ కల్లు అమ్ముతవా?"

ఇంకాసేపు సాగనిస్తే ఏమయ్యేదో. వెనక గోడ దగ్గర కూర్చున్న సుదర్శనం సారు ఇదంతా వింటూ, నవ్వు ఆపుకోలేక, ఆపుకుంటే పొలమారి, చివరికి ముంత పట్టుకునే ముందుకు వచ్చేశాడు. బడి వదిలిన వేళ. రోడ్డు మీద పిల్లలున్నారు, వాళ్ళ తల్లులున్నారు. అంతమంది ముందు సారు తలెత్తి నన్ను మొట్టమొదటిసారి చదివాడు.

"లచ్చయ్యా, నువ్వు రాయించింది కల్లు కాదు. కండ్లు," అన్నాడు.

ఆ తరువాత నవ్విన నవ్వు నాకిప్పటికీ గుర్తుంది, నా మేకులు కదిలాయి. మాణిక్యమ్మ గారు అందరికంటే ఎక్కువ నవ్వారు. "సరేలే బాబూ, వచ్చినందుకు కాస్త పొయ్యి. చూపు రాకపోతే పోనీ," అన్నారు. తాటాకును దొన్నెలా మడిచి, ఆ రేక నోటికి పట్టి పోస్తే గుటకలు వేసి, "నీళ్ళు లేవు, నాది పూచీ," అని తీర్పు కూడా ఇచ్చారు. ఆ వారంలోనే సుదర్శనం సారు ఆవిడను టౌనుకు తీసుకెళ్ళి కంటి డాక్టరుకు చూపించాడు. ఆపరేషనయ్యాక ఆవిడ మళ్ళీ వచ్చి, లచ్చయ్యను ఎగాదిగా చూసి, "ఇంత పొట్టివాడివా నాయనా, గొంతు విని తాడిచెట్టంత ఉంటావనుకున్నాను," అని వెళ్ళింది. సారు రహస్యం ఎలాగూ పోయింది కాబట్టి అప్పటి నుంచి ముందు గుమ్మం గుండానే నడుస్తూ, వస్తూ పోతూ నాకొక నమస్కారం పెట్టేవాడు.

నన్ను దించి దిద్దించాలని లచ్చయ్య అనుకున్నాడు. ఇంతలో ఆ కండక్టరు "కళ్ళ దుకాణం దిగేవాళ్ళు" అని కేకవేసి బస్సు ఆపడం మొదలుపెట్టాడు. మాణిక్యమ్మ గారిని దింపిన ఆ ఒక్కరోజు తప్ప, అంతవరకు బస్సు ఊళ్ళోనే గాని ఇక్కడ ఆగేది కాదు. ఒక అక్షరం దిద్దితే ఒక స్టాపు పోతుంది. లచ్చయ్య ఆలోచించి, "ఉండనీ, తప్పుకు గూడ ఒక బతుకుంటది," అన్నాడు. నేను నిలిచిపోయాను.

అయితే నీళ్ళు అన్న మాట లచ్చయ్య మనసులో ముల్లులా ఉండిపోయింది. మరుసటి రోజు నుంచి ఒక రివాజు పెట్టాడు. ప్రతి పూటా కుండ విప్పగానే, అందరూ చూస్తుండగా, మొదటి ముంత తనే తాగేవాడు. తాగి, ముంత బోర్లించి చూపించి, అప్పుడు ఇతరులకు పోసేవాడు. దానికి తొలి ముంత అని పేరు పడింది. దుకాణం ఎవరిదో వాడు తొలి ముంత తాగాలి. తాగలేనిది ఇంకొకరికి పోయకూడదు. ఆయన ఉన్నన్నాళ్ళూ జ్వరమొచ్చినా తప్పలేదు.

లచ్చయ్య తరువాత కొడుకు పెంటయ్య. వీడు తండ్రిని మించినవాడు. మోకు నడుముకు వేసుకుని చెట్టెక్కితే చూసేవాళ్ళకు మెడ నొప్పి పుట్టేది గాని వీడికి మాత్రం ఆయాసం రాదు. చెట్లకు పేర్లు పెట్టాడు. వంగిన చెట్టు గూనిది, ఎప్పుడో గాని కల్లు పారనిది మొండిది, వాగొడ్డున ఒంటరిగా ఉన్నది బాలింత. కళ్ళు మూసుకుని గుటక వేసి అది ఏ చెట్టు కల్లో చెప్పేవాడు. పందేలు కాసి ఓడిపోయినవాళ్ళు నా కింద నిలబడి తిట్టుకునేవాళ్ళు. ఇక మాటలా, నోరు విప్పితే దుకాణం మొత్తం పొట్ట పట్టుకునేది. వాడి నవ్వు వినడానికే తాగనివాళ్ళు కూడా వచ్చి అరుగు మీద కూర్చునేవాళ్ళు.

అలాంటివాడికి దేవుడు సోమక్కను భార్యగా ఇచ్చాడు. చెట్లెక్కే గౌండ్ల ఇంట్లో పుట్టి కల్లు వాసన పడని మనిషి. కొత్త కోడలుగా గుమ్మం దాటి వస్తూనే ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంది. పెంటయ్య చూసి, "చూడు నాయినా, ముస్తేదారు మల్ల వచ్చిండు," అన్నాడు అప్పటికింకా బతికున్న తండ్రితో. ఆ పేరు ఆవిడకు ఖాయమైపోయింది. ఏదైనా కోపమొస్తే "ముస్తేదారు గారికి కోపమొచ్చింది" అనేవాడు. ఆవిడ గరిట విసిరేది. గరిట ఒకసారి నాకు తగిలింది. చూడండి, ఆ సొట్ట ఇప్పటికీ ఉంది.

రెండేళ్ళ కింద, ముసురు పట్టిన రోజుల్లో, చెట్టు మీద నాచు కట్టి ఉన్నప్పుడు, మొండిది వాణ్ణి కింద పడేసింది. ప్రాణం దక్కింది. నడుము కింద మాత్రం ఇక కదలిక లేదన్నారు పెద్ద డాక్టర్లు.

ఆసుపత్రి నుంచి తెచ్చి దుకాణం వెనక గదిలో మంచం వేశారు. పెంటయ్య గోడ వైపు తిరిగి పడుకున్నాడు. ఎవరొచ్చినా తిరగలేదు. ఊరంతా నవ్వించిన నోరు, అన్నానికి తప్ప తెరుచుకోలేదు. చివరికి అన్నానికీ తెరుచుకోవడం మానేసింది. పరామర్శకు వచ్చినవాళ్ళు, "గోలతోని ఆయనకు తిప్పలైతది, దుకాణం బంద్ చెయ్యి బిడ్డా," అన్నారు. సోమక్క బంద్ చేసింది. తలుపులు మూసిన ఆ రోజుల్లో నేను మొదటిసారి భయపడ్డాను. దుకాణంలో చప్పుడు లేకపోతే నా చప్పుడు నాకే వినిపించేది.

ఒక మధ్యాహ్నం ఎక్కడా చోటు దొరకని రోజూ ఇక్కడే తాగిన పాత వాడకందార్లు కొందరు మూసిన గుమ్మం ముందే అరుగు మీద కూర్చుని మాట్లాడుకుంటున్నారు. ఎవరిదో దున్నపోతు ఎవరి పెళ్ళి పందిట్లోకో దూరి, పెళ్ళికొడుకు పీట మీద పడుకుందని ఒకడు చెబుతున్నాడు. లోపలి నుంచి ముక్కుతో ఎగబీల్చినట్టు ఒక చప్పుడు వచ్చింది. సోమక్క వాకిలి ఊడుస్తోంది. చీపురు అలాగే పట్టుకుని నిలబడిపోయింది. అది పెంటయ్య నవ్వు. నవ్వంటే నవ్వు కాదు, నవ్వు బయటికి రావడానికి చేసిన ప్రయత్నం. ఆ పూట వాడు అన్నం తిన్నాడు.

మరునాడు ఆవిడ తలుపులు తెరిచింది. దాయాదులైన పాలివాళ్ళ పిల్లలు, బంధువులు చెట్లెక్కి కల్లు తెచ్చి ఇచ్చారు. రివాజు ప్రకారం తొలి ముంత తాగాలి. ముస్తేదారు అనిపించుకున్న మనిషి ముంత ఎత్తి, కళ్ళు గట్టిగా మూసుకుని, ముఖం చింతకాయ తొక్కులా చేసుకుని తాగింది. తాగి, మామలాగే ముంత బోర్లించి చూపించింది. రెండేళ్ళ పాటు రెండు పూటలా అదే పని. ఆ ముఖం చూడటానికి జనం వేళకు వచ్చేవాళ్ళు. ఆవిడకు తెలుసు, రానిచ్చింది. వాళ్ళు నవ్వితే గోడ అవతల వాడు వింటాడు.

అందుకే చెబుతున్నాను, సోమక్కకు దుకాణం పోవడమంటే ఆ నవ్వు పోవడం. అది ఆగితే మొగుడు మళ్ళీ గోడ వైపు తిరుగుతాడు. ఈసారి తిరిగితే ఇక ఇటు తిరగడు. ఇది ఆవిడ ఎవరికీ చెప్పలేదు.

ఇలా ఉండగా సైదులు దిగాడు. పెంటయ్యకు పాలివాడు, వరుసకు తమ్ముడు. తెల్ల చొక్కా, తియ్యటి మాట. చెట్టెక్కి ఎన్నేళ్ళయిందో, ఆ పొట్టకు మోకు చాలుతుందో లేదో తెలియదు. పెట్రోలు బంకు పక్కన పెద్ద షెడ్డు వేశాడు. ప్లాస్టిక్ కుర్చీలు, ఫ్యాన్లు, తన ఫొటోతో ఫ్లెక్సీ అన్నీ సిద్ధం. దుకాణం లైసెన్సు సొసైటీ తన పేరున మార్చితే చాలు. నా వైపు చూసి, "ఈ తప్పుల బోర్డు ఊరికి పరువు తక్కువ," అన్నాడు కూడా. అది నేను మనసులో పెట్టుకున్నాను.

ఆ సంగతి తేల్చడానికి ఒక రోజు పొద్దునే సొసైటీ పెద్దలంతా మా దుకాణంలోనే కూర్చున్నారు. మధ్యలో బాలనర్సు గౌడు, అందరికంటే పెద్దవాడు, మాట తూచి మాట్లాడే మనిషి. సోమక్క కుండల పక్కన నిలబడింది.

"చెట్టెక్కినోనిదే దుకాణమని మన కట్టుబాటు బిడ్డా," అన్నాడు బాలనర్సు గౌడు నెమ్మదిగా. "పెంటయ్య సంగతి తెలిసి రెండేండ్లు ఊకున్నం. ఇగ ఎన్ని రోజులు ఊకుంటం? ఆడిమనిషివి, నువ్వన్న ఎక్కవైతివి."

"వదినెకు కష్టం గూడ తప్పుతది పెద్దనాయినా," అన్నాడు సైదులు. "వాసన పడని మనిషి రోజు తాగుడేంది? పాపం. నేను చూసుకుంట అన్నను, వదినెను. కల్లు గూడ తెచ్చిన, రుచి చూడుండ్రి." స్టీలు డబ్బాలు ముందు పెట్టించాడు. మూత తీస్తే నురగ పొంగింది. చూడటానికి బ్రహ్మాండంగా ఉంది. పెద్దలు ముంతలు అందుకోబోయారు.

"ఆగుండ్రి," అంది సోమక్క. "ఈ గుమ్మం లోపట పోసే కల్లుకు ఒక రివాజున్నది. సైదులూ, తొలి ముంత నువ్వు తాగు."

సైదులు నవ్వాడు. "పొద్దుగాల తాగ వదినె."

"కల్లు పొద్దుగాల తాగకుంటే ఎప్పుడు తాగుతరు?"

"షుగరున్నది. డాక్టరు వద్దన్నడు."

"నీకు వద్దన్నది బాలనర్సు మామకు ఎట్ల పోస్తవు? ఆయనకు గూడ షుగరే."

బాలనర్సు గౌడు చేతిలోని ముంతను కింద పెట్టాడు. సైదులు అటూ ఇటూ చూశాడు. ఆ డబ్బాల్లో ఉన్నది చెట్టు మీంచి దింపినది కాదని, టౌనులో పొడి కలిపి చేసినదని అందరికీ అనుమానమే. పైకి అనడానికి నోరు రాలేదు. అంతలో సోమక్క తన కుండలో నుంచి ముంత ముంచి ఎత్తింది. కళ్ళు మూసుకుంది, ముఖం ముడుచుకుంది, తాగింది. బోర్లించి చూపించింది. ఎవరూ నవ్వలేదు.

"నాకిది ఇయ్యాలటికి పడలే మామా," అంది బాలనర్సు గౌడుతో. "కడుపుల తిప్పుతది. అయినా తాగుతున్న. ఎందుకో చెప్త ఇను. ఈడ మీరు కూసుండి మాట్లాడుకుంటే ఆయన ఆడ అన్నం తింటడు. మీరు నవ్వితే నిద్ర పోతడు. మాటలు ఆగిననాడు ఆయన ఆగిపోతడు. నాకు భయమైతున్నది మామా. దుకాణం కోసం గాదు, ఆయన కోసం."

"నీ బాధ తెలుస్తున్నది బిడ్డా," అన్నాడు బాలనర్సు గౌడు. "కాని కట్టుబాటున్నది గదా. చెట్టు సంగతి తెలిసిన మనిషి ఉండాలె దుకాణంల. గట్ల లేకుంటే రేపు ఎవడన్న ఏదన్న పోస్తడు."

అప్పుడు వెనక గదిలో నుంచి ఒక గొంతు వచ్చింది. తుప్పు పట్టిన గొంతు, వాడక చాలా కాలమైన గొంతు. తుప్పు సంగతి నాకు బాగా తెలుసు.

"పెద్దనాయినా, ఆ సైదులు డబ్బల కల్లు ఏ చెట్టుదో జర అడుగు."

రెండేళ్ళుగా ఎవరూ వినని గొంతు అది.

"అడుగు పెద్దనాయినా. గూనిదా, బాలింతదా? పోనీ దానికి పేరు లేకుంటే నేను పెడత. ఆకులన్న ఉన్నయా ఆ చెట్టుకు?"

మొదట ఎవరు నవ్వారో నేను చూడలేదు. చూసేసరికి బాలనర్సు గౌడు భుజాలు ఊగుతున్నాయి. వాకిట్లో ఉన్నవాళ్ళు, అరుగు మీద ఉన్నవాళ్ళు, రోడ్డు మీద పోతూ ఆగినవాళ్ళు, అందరూ. సైదులు డబ్బాల మూతలు పెట్టించుకుంటూ తనూ నవ్వడానికి ప్రయత్నించాడు, పాపం, కుదరలేదు. బాలనర్సు గౌడు కండువాతో కళ్ళొత్తుకుని లేచి, "చెట్టు సంగతి తెలిసినోడు లోపట ఉండనే ఉన్నడు. ఇంకేం పంచాయితీ? దుకాణం ఈడనే ఉంటది," అన్నాడు.

"ఉంటదంటే సరిపోదు," అంది లోపలి గొంతు. "నన్ను బయటికి తెండ్రి."

కుర్రవాళ్ళు మంచాన్ని నాలుగు మూలలా పట్టుకుని ఎత్తుకొచ్చి నా కిందే దించారు. పెంటయ్య చిక్కిపోయాడు. గడ్డం పెరిగింది, వెలుతురుకు కళ్ళు చికిలించాడు. మెడ ఎత్తి చుట్టూ ఉన్న ముఖాలన్నీ ఒక్కొక్కటే చూసుకున్నాడు. ఆపైన చెయ్యి చాపాడు.

"ఏమే సోమా, ఆ ముంత ఇటు తే. గోడ అవతలి నుంచి నీ ముఖం నాకు కనబడుతనే ఉన్నది. పొద్దు మాపు గట్ల ముఖం పెట్టి తాగితే నా కల్లుకు ఏం ఇజ్జతుంటది? రేపటి సంది తొలి ముంత నాది."

ఆవిడ ముంచి ఇచ్చింది. వాడు తాగాడు. కళ్ళు మూసుకున్నాడు. అందరూ వాడి నోటి వైపే చూస్తున్నారు.

"మొండిది," అన్నాడు. "నన్ను పడేసినా దీని కల్లుకు సాటి లేదు. కొంచెం పులిసింది గని. ముస్తేదారు పొద్దున ఎవరి మీదనో కోపం చేసినట్టున్నది."

సోమక్క గరిట కోసం చెయ్యి చాపింది. చెయ్యి గరిట దాకా పోలేదు. కుండల వైపు తిరిగి, వాటికి ఆనుకుని, చెట్టు మీంచి వాడు పడిన నాడు కూడా ఏడవని మనిషి గట్టిగా ఏడ్చింది. దుకాణం నిండా మగవాళ్ళు. ఒక్కరికీ ఎటు చూడాలో తెలియలేదు. ముంతల వైపు చూడాలంటే ముంతలు ఖాళీ. బాలనర్సు గౌడు ముందుగా తలెత్తి నా వైపు చూశాడు. పక్కనున్నవాడు చూశాడు. ఆపైన వాకిట్లో ఉన్నవాళ్ళంతా, అక్షరాలు వచ్చినవాళ్ళూ రానివాళ్ళూ, మెడలు ఎత్తి నన్ను చదవడం మొదలుపెట్టారు. సోమక్క కొంగుతో ముఖం తుడుచుకుని ఇటు తిరిగేదాకా ఒక్కరూ తల దించలేదు.